బాక్సైట్ ఓడ, రెగ్గే రికార్డు

పాట వెనుక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కిందటి నెల ఈ శీర్షికలో కరీబియన్ దీవి జమైకాలో పుట్టిన రెగ్గే పాటల గురించి ఒక పేజీ రాస్తే ఉత్తరాలూ వాట్సాప్ సందేశాలూ చాలానే వచ్చాయి. అందుకే ఈసారి పేజీలన్నీ వాటికే. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నా గురించి ఒక్క మాట. నేను మర్చంట్ నేవీలో మెరైన్ ఇంజినీరుగా చేసి రిటైరయ్యాను. మాది విశాఖపట్నం. 1970ల చివర్లోనూ ఎనభైల్లోనూ అల్యూమినియం తీసే బాక్సైట్ అనే ఎర్రమట్టినీ, దాన్నుంచి చేసే అల్యూమినా పొడినీ ఎత్తుకునే ఓడల మీద జమైకా రేవులకి వెళ్లాను. పాటల పిచ్చి చిన్నప్పటి నుంచీ ఉన్నదే. పాట వినేటప్పుడు దాని వెనకున్న డబ్బు లెక్క కూడా చూడాలని మాత్రం నాకు ఆ దేశమే నేర్పింది.

*

సార్, మా కాలేజీలో "పాప్ సంగీతం దేశ రాజకీయ, ఆర్థిక స్థితికి అద్దం" అని సెమినార్ టాపిక్ ఇచ్చారు. నాకైతే ఇది అతిశయోక్తి అనిపిస్తోంది. పాటల్లో చాలావరకు ప్రేమ గోలే కదా? ఒక్క దేశాన్ని తీసుకుని, ఇది నిజమని చూపించగలరా?
— డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

అమ్మా, నీ అనుమానం సబబైనదే. జమైకాలో కూడా ఎక్కువ పాటలు ప్రేమ గురించే. పాటలోని మాటలు మాత్రమే పట్టుకుని రాజకీయం వెతికితే సగమే దొరుకుతుంది. ఆ పాటకి డబ్బు ఎవరు పెట్టారు, ఏ పరికరం మీద వాయించారు, జనం దాన్ని ఎక్కడ నిలబడి విన్నారు అని అడిగితే మిగతా సగం బయటపడుతుంది. నీ పేపర్ కోసం జమైకా కథ మొదటి నుంచీ చెబుతాను.

1950ల్లో రాజధాని కింగ్‌స్టన్ పేటల్లో రేడియో కొనగలిగిన ఇళ్లు తక్కువ. క్లబ్బుల్లో బ్యాండు వినాలంటే టికెట్ కొనాలి. పేదవాళ్లకి దొరికిందల్లా సౌండ్ సిస్టమ్. మన ఊళ్లలో పెళ్లికీ జాతరకీ మైక్ సెట్ కట్టినట్టే, బీరువాలంత స్పీకర్లు ఖాళీ స్థలంలో నిలబెట్టి అమెరికా రికార్డులు వేసేవాళ్లు. సౌండ్ సిస్టమ్ పెట్టినవాడికి లాభం పాట మీద కాదు, అక్కడ అమ్ముడుపోయే మందు మీద వచ్చేది. ఈ వ్యాపారంలో పెద్ద పేరు డ్యూక్ రీడ్‌ది. ఆయన పోలీసు ఉద్యోగం మానేసి మద్యం దుకాణం పెట్టాడు, సౌండ్ సిస్టమ్ పెట్టాడు, తర్వాత ఆ దుకాణం మేడ మీదే రికార్డింగ్ స్టూడియో కట్టాడు. జమైకా పాప్ సంగీతం పుట్టుకలోనే వ్యాపారం ఉంది. అందుకే కాలం మారిన ప్రతిసారీ అది వెంటనే మారింది.

1962 ఆగస్టు 6న బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. ఆ రోజుల సంగీతం స్కా. పరుగెత్తే తాళం, ఊపిరాడనివ్వని ట్రంపెట్లూ శాక్సాఫోన్లూ. డెరిక్ మోర్గన్ స్వాతంత్ర్యం మీద పాడిన "ఫార్వర్డ్ మార్చ్" విను. మన దేశం మనకొచ్చింది, ఇక అడుగు ముందుకే అన్న హుషారు ఆ తాళంలోనే ఉంటుంది.

ఆ హుషారు నాలుగేళ్లలో చల్లబడింది. జమైకా అప్పట్లో ప్రపంచంలోనే అందరికంటే ఎక్కువ బాక్సైట్ తవ్విన దేశం. తవ్విందంతా అమెరికా, కెనడా కంపెనీలు. ఆ గనుల్లో యంత్రాలు ఎక్కువ, మనుషులు తక్కువ. నేనే చూశాను కదా: కన్వేయర్ బెల్టు మీద ఎర్రమట్టి గంటల తరబడి ఓడ కడుపులోకి జారుతూ ఉంటుంది, రేవులో చూస్తే పట్టుమని పదిమంది కనబడరు. మా బట్టలు, డెక్కు, అన్నం పళ్లెం అంచులు కూడా ఎర్రబడిపోయేవి. అంత మట్టి వెళ్లిపోతున్నా ఆ ఊరి కుర్రాళ్లకి ఉద్యోగం ఉండేది కాదు. పొలాలు వదిలి వాళ్లు కింగ్‌స్టన్ చేరారు. అక్కడా పని లేదు. అంతకుముందు దారి దొరకనివాళ్లు బ్రిటన్ వెళ్లేవాళ్లు. ఆ తలుపు కూడా 1962లో వచ్చిన కామన్వెల్త్ వలస చట్టంతో సగం మూసుకుపోయింది.

పనిలేని కుర్రాళ్లకి "రూడ్ బాయ్స్" అని పేరొచ్చింది. కత్తులు, ముఠాలు, డ్యాన్సుల్లో కొట్లాటలు మొదలయ్యాయి. ఈ దశలో సంగీతం నెమ్మదించింది. 1966 ప్రాంతంలో స్కా పోయి రాక్‌స్టెడీ వచ్చింది. తాళం సగానికి పడిపోయింది, బేస్ గిటార్ బరువెక్కింది. ఆ ఏడాది ఎండలు భరించలేక నెమ్మదిగా ఆడారని కొందరంటారు. నాకు ఆ మాట నచ్చదు. జేబులో డబ్బులేని కుర్రాడు గోడకి ఆనుకుని, చుట్టూ ఎవరున్నారో కనిపెట్టుకుంటూ ఆడే ఆట అది. డెస్మండ్ డెక్కర్ "ఇజ్రాయెలైట్స్" విన్నావనుకో, తెల్లారి లేచి తిండి కోసం గొడ్డుచాకిరీ చేసేవాడి గోడు వినబడుతుంది. పెళ్లాం పిల్లలు కూడా వాణ్ణి వదిలి వెళ్లిపోతారు. ఈ గోడు 1969లో బ్రిటన్ చార్టుల్లో మొదటి స్థానానికి ఎక్కింది. అంత హాయిగా డ్యాన్స్ చేయించే పాటలో ఇంత ఆకలి ఉందని అక్కడివాళ్లలో ఎందరు గమనించారో!

1972లో మైకేల్ మాన్లీ ప్రధాని అయ్యాడు. 1973 చివర్లో చమురు ధరలు పేలిపోయాయి. జమైకాకి బొగ్గు లేదు, చమురు లేదు. కరెంటు, రవాణా, బాక్సైట్‌ని అల్యూమినా చేసే ఫ్యాక్టరీలు అన్నీ దిగుమతి చమురు మీదే నడవాలి. మాన్లీ 1974లో బాక్సైట్ మీద లెవీ, అంటే ఒక పన్ను, వేశాడు. అల్యూమినియం దిమ్మ అమ్మకం ధరలో 7.5 శాతం లెక్కన కంపెనీలు కట్టాలన్నాడు. ఖజానాకి డబ్బొచ్చింది. కంపెనీలకి కోపమూ వచ్చింది, మెల్లిగా తవ్వకం తగ్గించి వేరే దేశాల వైపు చూశాయి. ఊళ్లో ధరలు మాత్రం ఆగలేదు.

అదే 1974లో రెగ్గే గాయకుడు బాబ్ మార్లే "దెమ్ బెల్లీ ఫుల్" పాడాడు. వాళ్ల కడుపులు నిండాయి, మనం పస్తున్నాం, ఆకలితో ఉన్న జనానికి కోపమొస్తుంది సుమా అనే హెచ్చరిక అది. ఆ రికార్డులోనే "నో వుమన్ నో క్రై" కూడా ఉంది. అందరూ దాన్ని ఓదార్పు పాట అనుకుంటారు, అది నిజమే. కానీ ఆ పాట జరిగే చోటు ఏది? కింగ్‌స్టన్‌లోని ట్రెంచ్‌టౌన్ పేటలో ప్రభుత్వం కట్టిన ఇళ్ల వరండా. ఒక ముంగిలి చుట్టూ గదులు, అందరికీ కలిపి ఒకే కుళాయి, ఒకే పొయ్యి. ఆ పాట రచయితగా నమోదైన పేరు విన్సెంట్ ఫోర్డ్. ఆయన అదే పేటలో పేదలకి తిండి పెట్టే చిన్న వంటశాల నడిపాడు. పాట మీద వచ్చే డబ్బు ఆ మనిషికి చేరిందంటే, ఆ పేటలో ఆకలి తీరడానికి ప్రభుత్వం కంటే పాటే ఎక్కువ నమ్మకమైన దారి అయిందన్నమాట. ఇదొక్కటి నీ పేపర్లో తప్పకుండా రాయి.

చివరగా మాటలే లేని పాట సంగతి. జమైకా చిన్న రికార్డు తిప్పితే రెండో వైపు "వెర్షన్" ఉంటుంది. అదే పాట, గొంతు తీసేసి, డ్రమ్స్, బేస్ మాత్రం ఉంచి, మధ్యమధ్య ప్రతిధ్వనులు కలిపినది. దీన్ని డబ్ అంటారు. దీన్ని కళ చేసినవాడు కింగ్ టబ్బీ, రేడియోలూ ట్రాన్స్‌ఫార్మర్లూ బాగుచేసుకునే ఎలక్ట్రానిక్స్ మనిషి. వాయిద్యగాళ్లకి ఒక్కసారి కూలి ఇచ్చి రికార్డు చేసిన బాణీ మీద పది పాటలు, ఇరవై పాటలు కట్టేవాళ్లు. ఒకే బాణీ మీద వేర్వేరు గాయకులు పాడితే మనం కాపీ అంటాం, అక్కడ దాన్ని "రిడిమ్" అని గౌరవంగా వాడుకుంటారు. టేపు ఖరీదు, స్టూడియో గంట ఖరీదు, కూలి ఖరీదు కలిసి ఒక కొత్త సంగీతాన్ని పుట్టించాయి. ఆ వాయిద్యగాళ్లలో చాలామందికి ఆ తర్వాత ఒక్క పైసా రాయల్టీ రాలేదు. ఆ అన్యాయం గురించి ఎంత రాసినా తక్కువే.

*

మాస్టారూ, బాబ్ మార్లే ఇద్దరు నాయకుల చేతులు కలిపిన ఫొటో చూశాను. ఆయన ఏ పార్టీ మనిషి? ఆ తర్వాత శాంతి వచ్చిందా?
— ఉపాధ్యాయుడు, కరీంనగర్

ముందు సూటిగా జవాబు: మార్లే తనని ఏ పార్టీ మనిషిగానూ చెప్పుకోలేదు. శాంతి రాలేదు.

ఇప్పుడు వివరం. జమైకాలో రెండే పెద్ద పార్టీలు, మాన్లీ నడిపిన పీఎన్‌పీ (పీపుల్స్ నేషనల్ పార్టీ), ఎడ్వర్డ్ సియాగా నడిపిన జేఎల్‌పీ (జమైకా లేబర్ పార్టీ). కింగ్‌స్టన్ పడమటి పేటల్లో ఇల్లు కావాలన్నా పని కావాలన్నా పార్టీ దయే. ప్రభుత్వం మారితే ఒక వీధికి పనులు ఆగిపోతాయి, పక్క వీధికి మొదలవుతాయి. 1966లో బ్యాక్-ఓ-వాల్ అనే మురికివాడని బుల్‌డోజర్లతో పడగొట్టి అక్కడ టివోలీ గార్డెన్స్ కట్టారు. ఆ ఇళ్లు జేఎల్‌పీ మనుషులకే దక్కాయి. అప్పటి నుంచి వీధి పేరు చెబితే ఓటు ఎవరికో తెలిసిపోయేది. తుపాకులు ఆ తర్వాత వచ్చాయి.

1976 జూన్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అప్పటికి మన దేశంలోనూ ఎమర్జెన్సీయే. డిసెంబర్ 15న ఎన్నికలు. డిసెంబర్ 5న "స్మైల్ జమైకా" అని ఉచిత కచేరీ చేయడానికి మార్లే ఒప్పుకున్నాడు. పార్టీలకి సంబంధం లేదని ఆయన అనుకున్నాడు, ఎన్నికల తేదీ వెంటనే వచ్చేసరికి అది అధికార పార్టీ సభలా కనబడింది. కచేరీకి రెండు రోజుల ముందు రాత్రి కింగ్‌స్టన్‌లోని హోప్ రోడ్డు ఇంట్లోకి సాయుధులు చొరబడి కాల్చారు. మార్లేకి, ఆయన భార్య రీటాకి, మేనేజర్ డాన్ టేలర్‌కి తూటాలు తగిలాయి. అయినా 5వ తేదీన గాయంతోనే వేదిక ఎక్కి పాడాడు. తర్వాత దేశం వదిలి లండన్ వెళ్లిపోయాడు.

మీరు చూసిన ఫొటో 1978 ఏప్రిల్ 22 నాటి "వన్ లవ్ పీస్ కాన్సర్ట్"ది. రెండు పార్టీల ముఠా నాయకులే జైల్లో మాట్లాడుకుని సంధి చేసుకుని, మార్లేని వెనక్కి పిలిచారు. వేదిక మీద మాన్లీ, సియాగా ఇద్దరినీ పైకి పిలిచి వాళ్ల చేతులు తన తల మీదుగా పట్టుకున్నాడు. ఆ ఫొటోలో ఇద్దరు నాయకుల ముఖాలు చూడండి. ఒక్కరిలోనూ సుఖం లేదు.

అదే రోజు, అదే వేదిక మీద గాయకుడు పీటర్ టాష్ చేసింది జనం అంతగా గుర్తుపెట్టుకోలేదు. పాటల మధ్య ఆపి, ముందు వరుసలో కూర్చున్న ఆ ఇద్దరు నాయకులనీ నిలదీస్తూ మాట్లాడాడు. హక్కులూ న్యాయమూ లేకుండా శాంతి అంటే ఏం శాంతి అన్నది ఆయన వాదన. కొన్ని నెలలకే పోలీసులు ఆయన్ని పట్టుకుని దారుణంగా కొట్టారు. నా మటుకు నాకు ఆ రోజు అసలు నిజం చెప్పింది టాష్. మార్లే చేతులు కలిపాడు, గొప్ప పనే, కాదనను. కానీ ఆ చేతులు కలిసినంత మాత్రాన బియ్యం ధర తగ్గదు. 1977లోనే ప్రభుత్వం ఐఎంఎఫ్ దగ్గర అప్పుకి ఒప్పందం చేసుకుంది, ఆ షరతులు నెరవేరక 1978లో ఇంకా కఠినమైన ఒప్పందం మీద సంతకం పెట్టింది. జమైకా డాలరు విలువ తగ్గించారు, జీతాలు పెరగకుండా కట్టడి చేశారు. శాంతి కచేరీ జరిగిన ఏడాదే ఇదంతా.

ఆ తర్వాతి రోజుల్లో ఊళ్లోకి వెళితే దుకాణాల అరలు ఖాళీగా ఉండేవి. సబ్బు లేదు, వంటనూనె లేదు, ఉప్పుచేప లేదు. సరుకు ఉన్న దుకాణదారు కూడా బియ్యం కావాలంటే దానితో పాటు అమ్ముడుపోని ఇంకో సరుకు కొనాల్సిందే అనేవాడు. మా ఓడ వంటమనిషి దగ్గర సబ్బు బిళ్లలు అడిగి తీసుకున్న రేవు గుమస్తా ముఖం నాకింకా గుర్తే. చదువుకున్నవాడు, అడగడానికి సిగ్గుపడ్డాడు.

సంధి చేసిన ముఠా నాయకుల్లో ఒకడైన క్లాడీ మసాప్‌ని 1979లో పోలీసులు కాల్చి చంపారు. 1980 ఎన్నికల ఏడాదిలో రాజకీయ హింసకి సుమారు 800 మంది చనిపోయారని చెబుతారు. దేశం మొత్తం జనాభా అప్పటికి 20 లక్షల పైచిలుకు. ఆ నిష్పత్తి ఒకసారి మన రాష్ట్రానికి వేసుకుని చూడండి.

*

పాట ప్రభుత్వాన్ని మార్చగలదా? ఇప్పుడు ప్రతి పార్టీ ఎన్నికల పాటలు తయారు చేయించుకుంటోంది కదా, వాటివల్ల ఓట్లు పడతాయా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

ప్రభుత్వాన్ని పాట మార్చదండీ. మార్చాలని జనం ముందే అనుకుని ఉంటే, వాళ్లందరికీ కలిపి ఒక మాట ఇస్తుంది. 1972 జమైకా ఎన్నికలు దీనికి మంచి ఉదాహరణ. మాన్లీ పార్టీ ఊరూరా పాటల బండి తిప్పింది. గాయకులు వేదికెక్కి పాడేవాళ్లు, మధ్యలో నాయకుడు మాట్లాడేవాడు. జనం నోట నిలిచిన పాట డెల్రాయ్ విల్సన్ పాడిన "బెటర్ మస్ట్ కమ్". మంచి రోజులు రాక తప్పదు అనే పాట. ఇది పార్టీ రాయించింది కాదు. గాయకుడిగా తన బతుకు బాగుపడడం లేదన్న బాధతో పాడుకున్నాడు, అంతే. ఆ బాధ దేశమంతటి బాధ కాబట్టి పార్టీ ఎత్తుకుంది.

ఇందులో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది దీని తరువాయి. అదే ఎన్నికల్లో మాన్లీ తరఫున వాడిన "లెట్ ద పవర్ ఫాల్" పాడిన మాక్స్ రోమియో, మాన్లీ గెలిచిన కొద్ది కాలానికే "నో, జాషువా, నో" అని మరో పాట కట్టాడు. మాన్లీని జనం బైబిల్లోని జాషువా పేరుతో పిలిచేవారు. ఆ జాషువాకే ఉత్తరం రాసినట్టు, జనం కష్టం తీరలేదయ్యా అని చెప్పిన పాట. గెలిపించినవాడే నిలదీశాడు. నన్నడిగితే రాజకీయ గాయకుడికి ఇంతకు మించిన గౌరవం లేదు. గెలిచాక నోరు మూసుకునే గాయకుడు పార్టీ ఉద్యోగి అవుతాడు.

ఇంకొకటి. 1975లో మాన్లీ ఒక సభలో, కోటీశ్వరులు కావాలనుకునేవాళ్లకి అమెరికాలోని మయామీకి రోజూ ఐదు విమానాలున్నాయి అన్న అర్థంలో మాట్లాడాడు. డబ్బున్నవాళ్లూ చదువుకున్నవాళ్లూ నిజంగానే విమానం ఎక్కేశారు. 1976లో ప్లూటో షర్వింగ్టన్ "ఐ మ్యాన్ బార్న్ యా" అని పాడాడు. నేను ఇక్కడే పుట్టాను, ఎక్కడికీ పోను అనే పాట. పార్టీ దాన్ని నెత్తిన పెట్టుకుంది. తర్వాత హింస పెరిగి ఆ గాయకుడు కూడా మయామీలో స్థిరపడ్డాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. పిల్లలున్న మనిషి తూటాల మధ్య ఉండాలని పాట విన్నవాడు అడగకూడదు. కానీ ఒక దేశం ఎంత వేగంగా ఖాళీ అవుతోందో తెలియాలంటే జనాభా లెక్కలతో పాటు ఇలాంటి పాట కూడా దగ్గర పెట్టుకోవాలి.

మన దగ్గర సంగతి మీకు నేను చెప్పాల్సింది లేదు. తెలంగాణ ఉద్యమంలో ధూం ధాం సభలు చూసినవాళ్లు ఉన్నారు. ఉద్యమంలో పుట్టిన అందెశ్రీ గారి "జయ జయహే తెలంగాణ" 2024లో రాష్ట్ర గీతమైంది. అదే సమయంలో ఎన్నికల ముందు డబ్బిచ్చి చేయించుకున్న పాటల్లో, కిందటి ఎన్నికలవి మీకు ఎన్ని గుర్తున్నాయి? వాటితో ఓట్లు పడతాయని నేను అనుకోను. సభకి ఊపు వస్తుంది, బండి వచ్చిందని వీధికి తెలుస్తుంది. అంతవరకే.

*

అంకుల్, ఈ కాలం పాటల్లో బూతు, డీజే మోత తప్ప ఏమీ లేదు. జమైకాలోనూ మార్లే తర్వాత అంతా అలాగే చెడిపోయిందని చదివాను. జనం అభిరుచి ఎందుకు ఇంత దిగజారుతుంది?
— గృహిణి, తెనాలి

మీ బాధ అర్థమైందమ్మా. కానీ "చెడిపోయింది" అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం.

1980 అక్టోబర్ 30న సియాగా పార్టీ 60 సీట్లలో 51 గెలిచింది. ఈ సియాగా ఎవరో తెలుసా? రాజకీయాల్లోకి రాకముందు జమైకాలో రికార్డుల కంపెనీ పెట్టి పాటలు తయారుచేయించిన మనిషి. పల్లెటూరి భజనల్నీ పూనకాల పాటల్నీ టేపు మీదకి ఎక్కించిన పరిశోధకుడు కూడా. అలాంటివాడు ప్రధాని అయ్యాడు. అమెరికాతో స్నేహం, ప్రైవేటు వ్యాపారం, దిగుమతులకి తలుపులు అన్నది ఆయన దారి. 1981 మే 11న మార్లే క్యాన్సర్‌తో పోయాడు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిపి, ప్రధానిగా శ్రద్ధాంజలి చెప్పింది సియాగాయే. ఆరు నెలల వ్యవధిలో ఒక రాజకీయం పోయింది, దాని గొంతూ పోయింది.

జనానికి అప్పుడు విప్లవం మీద ఆశ చచ్చిపోయింది. ఎనిమిదేళ్లు ఆశపడి, అరలు ఖాళీ చేసుకుని, 800 శవాలు చూశాక మళ్లీ న్యాయం, విముక్తి అని పాడితే ఎవరు వింటారు? ఎల్లోమ్యాన్ లాంటివాళ్లు వచ్చారు. శరీరం గురించి, సరసం గురించి, తమ గొప్ప గురించి నవ్విస్తూ పాడారు. అదే డాన్స్‌హాల్. మీరన్న బూతు అందులో ఉంది. ఆడవాళ్లని తక్కువ చేసే పాటలున్నాయి, మనుషుల మీద ద్వేషం నింపే పాటలూ వచ్చాయి. వాటిని నేను సమర్థించను, ఏ కాలమైనా అవి తప్పే.

కానీ ఆ డ్యాన్సులకి వచ్చినవాళ్లని నేను చూశాను. కింగ్‌స్టన్ ఫ్రీ జోన్‌లో, అంటే ఎగుమతి ఫ్యాక్టరీల పేటలో, బట్టలు కుట్టే ఆడపిల్లలు. విదేశీ కంపెనీల ఆర్డర్లు, చాలీచాలని కూలి, వారమంతా మిషన్ ముందు వంచిన మెడ. శుక్రవారం రాత్రి తామే కుట్టుకున్న మెరుపుల బట్టలేసుకుని స్పీకర్ల ముందు నిలబడితే, ఆ కాసేపు అందరి కళ్లూ వాళ్ల మీదే. వాళ్లు అభిరుచి దిగజారి అక్కడికి రాలేదమ్మా. వారంలో తమకంటూ మిగిలిన ఒకే ఒక్క పూట అది.

మోత సంగతి కూడా డబ్బుతో ముడిపడిందే. 1985లో "స్లెంగ్ టెంగ్" అనే పాట వచ్చింది, గాయకుడు వేన్ స్మిత్, తయారుచేసింది కింగ్ జామీ. బాణీ అంతా కాసియో ఎంటీ-40 అనే చిన్న కీబోర్డులోది. బొమ్మలాంటి వాయిద్యం, ఒక మీట నొక్కితే "రాక్" అనే తయారు తాళం దానంతటదే వాయిస్తుంది. ఆ తాళాన్ని కాసియో కంపెనీలో చేసింది హిరోకో ఒకుడా అనే జపాన్ యువతి, ఆమెకీ రెగ్గే అంటే ప్రాణం. కింగ్‌స్టన్ కుర్రాళ్లు దాని వేగం తగ్గించి పాడారు. డ్రమ్స్ వాయించేవాడు అక్కర్లేదు, బేస్ వాయించేవాడు అక్కర్లేదు, పెద్ద స్టూడియో అక్కర్లేదు. ఆ ఒక్క బాణీ మీద వందల పాటలు వచ్చాయి. చాలామంది వాయిద్యగాళ్ల పొట్ట కొట్టింది. అదే సమయంలో, ఒక్క కీబోర్డు దొరికితే చాలు, డబ్బులేని కుర్రాడు కూడా పాట చేసుకోవచ్చన్న దారి తెరిచింది.

అదే కాలంలో బాక్సైట్ ధర పడిపోయి, అమెరికా కంపెనీల ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మేము వెళ్లే రేవుల్లో ఓడల వరుస చిన్నదైపోయింది. రేవు బయట టీ బంకు లాంటి షాపులో ఈ కాసియో తాళం రోజంతా మోగుతుంటే, ఉద్యోగం పోయిన క్రేన్ ఆపరేటర్లు పక్కన కూర్చుని డామినోలు ఆడేవాళ్లు. జీతాలిచ్చే మనుషులు తగ్గిన దేశంలో, జీతాలివ్వాల్సిన మనుషులు లేని సంగీతం. ఇంతకంటే స్పష్టంగా ఏ ఆర్థిక సర్వే చెబుతుంది?

మన డీజే పాటల గురించి కూడా ఇదే కన్నుతో చూడండి. ఎవరు ఆడుతున్నారు, వాళ్లకి వారంలో మిగతా ఆరు రోజులు ఎలా గడుస్తున్నాయి, ఆ పాట తయారవడానికి ఎంత ఖర్చయింది అని. నచ్చకపోతే వినకండి, పిల్లల చెవుల దగ్గర మోగుతుంటే ఆపమని గట్టిగా చెప్పండి. జనాన్ని మాత్రం తిట్టకండి.

*

ఎక్కడో ఉన్న జమైకా మనకెందుకండీ? మన పాటల గురించి రాయకూడదా?
— పాఠకుడు, అనకాపల్లి

అనకాపల్లి నుంచి ఈ ప్రశ్న వచ్చినందుకు సంతోషం. బాక్సైట్ గొడవ ఏమిటో మీ వైపు చింతపల్లి కొండల్లో ఎవరినడిగినా చెబుతారు. ఒడిశా దామన్‌జోడి నుంచి వచ్చే అల్యూమినా విశాఖ రేవులోనే ఓడెక్కుతుంది. మట్టి ఇక్కడిదైనా అక్కడిదైనా ధర నిర్ణయించేది మనం కాదు. ఆ మట్టి మీద బతికిన ఒక చిన్న దేశం తన కష్టసుఖాల్ని ఏ ఏటికా యేడు పాటగా కట్టింది. ఆ వరుస అంత తేటగా ఇంకెక్కడా నాకు దొరకలేదు, అందుకే రాస్తున్నాను.

క్రికెట్ అభిమానులకి ఇంకో దగ్గరితనం. 1976 ఏప్రిల్‌లో కింగ్‌స్టన్ సబీనా పార్కులో మన బ్యాట్స్‌మెన్ వెస్టిండీస్ బౌలర్ హోల్డింగ్ బంతులకి గాయపడి, రెండో ఇన్నింగ్స్ 97 పరుగుల దగ్గర ఐదుగురు బ్యాటింగ్‌కి రాలేక ముగిసిన టెస్ట్ గుర్తుందా? అది జమైకాలో అత్యవసర పరిస్థితికి రెండు నెలల ముందు. ఆ స్టాండ్స్‌లో అరిచిన జనం, ఆ ఏడాది తుపాకుల మధ్య బతికిన జనం ఒక్కటే. మాన్లీ కూడా పదవి పోయాక వెస్టిండీస్ క్రికెట్ చరిత్ర మీద పెద్ద పుస్తకం రాశాడు.

మన పాటల గురించి తప్పకుండా రాస్తాను. వచ్చే రెండు నెలల్లో క్యాసెట్ల కాలం గురించి మొదలుపెడతాను.

*

సార్, నాకు ఇంగ్లిష్ పాటలు అర్థం కావు. ఈ జమైకా పాటలు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? పాత రికార్డులు ఎలా ఉంటాయి?
— ఐటీఐ విద్యార్థి, శ్రీకాకుళం

బాబూ, వాళ్ల యాస ఇంగ్లిష్ వచ్చినవాళ్లకి కూడా సగమే అర్థమవుతుంది, టెన్షన్ పడకు. ముందు మాటలు వదిలేసి వరుసగా విను. "ఫార్వర్డ్ మార్చ్" 1962, "ఇజ్రాయెలైట్స్" 1968, "బెటర్ మస్ట్ కమ్" 1971, "దెమ్ బెల్లీ ఫుల్" 1974, "స్లెంగ్ టెంగ్" 1985. అన్నీ యూట్యూబ్‌లో దొరుకుతాయి. ఒక్కో పాటకీ తాళం మీద వేలు వేసి లెక్కపెట్టు. ఎక్కడ వేగం తగ్గింది, ఎక్కడ ట్రంపెట్లు మాయమయ్యాయి, ఎక్కడ మనుషుల బదులు మిషన్ వచ్చింది అని కాగితం మీద రాసుకో. తర్వాత ఆ ఏడాది పక్కన ఆ దేశంలో ఏం జరిగిందో రాయి, పైన జవాబుల్లో చాలావరకు ఉంది. ఐటీఐ చదువుతున్నావు కాబట్టి డబ్ కూడా విను, కింగ్ టబ్బీ పేరుతో వెతుకు. అతను మిక్సర్‌నీ ఫిల్టర్లనీ సొంతంగా మార్చుకున్న తీరు నీకు నాకంటే బాగా అర్థమవుతుంది.

పాత రికార్డులు ఏడు అంగుళాలవి, మధ్యలో పెద్ద రంధ్రం. కింగ్‌స్టన్ డౌన్‌టౌన్‌లో షాపులో కౌంటర్ వెనకాల ఉన్నవాడు ఒక్కో రికార్డూ కొన్ని క్షణాలు వినిపించేవాడు. నచ్చితే చెయ్యెత్తాలి, ఒకటి తీసి పక్కన పెడతాడు. నచ్చకపోతే వెంటనే తర్వాతది. చాలావాటి మీద లేబుల్ సరిగ్గా ఉండదు, కొన్నిటి మీద అసలు పేరే ఉండదు. రికార్డు పట్టుకుంటే కొంచెం గరుకుగా, కొన్ని చోట్ల బుడగలతో ఉండేది. పాతవి కరిగించి మళ్లీ పోస్తున్నారని షాపువాడే చెప్పాడు. కొనడానికి ఇప్పుడు ఖరీదెక్కువ, ఆన్‌లైన్‌లో నకిలీలు కూడా ఉన్నాయి, డబ్బు పెట్టొద్దు. విశాఖ వస్తే పత్రిక ఆఫీసుకి ముందుగా ఒక ఉత్తరం రాయి, మా ఇంట్లో టర్న్‌టేబుల్ పనిచేస్తోంది, రెండు వైపులా వినిపిస్తాను.